నాలుగో కాగితం

24 జనవరి 1961

భువనగిరి ప్రెస్సు నుంచి కాగితాలు వచ్చాయి. మొదటిది రోగి చేరిక కాగితం. రెండోది హైదరాబాద్ పెద్ద దవాఖాన డాక్టరు 'ఇక మందు లేదు' అని రాసిచ్చేది. మూడోది రోజువారీ పట్టీ. నాలుగోది వారసుడి ఒప్పుదల. ఆ నాలుగోదానిలో వాక్యం పూర్తిగా నాది, దవాఖాన కమిటీ వాళ్లు ఒక్క అక్షరం మార్చలేదు. "ఈ రోగికి వ్యాధి నయము కాదనియు, మరణము తప్పదనియు నాకు తెలియును. నొప్పి తగ్గుటకై సూదిమందు ఇచ్చుటకు మనస్ఫూర్తిగా సమ్మతించుచున్నాను." అచ్చులో చూసుకుంటే ఛాతీ ఉబ్బింది. నా డైరీలో నేను దాచుకోవడం ఎందుకు.

నర్సు నిర్మలమ్మ చదివి మొహం ముడుచుకుంది. "గింత కటువుగ ఎందుకు రాసిన్రు సారూ? మరణం అన్న మాట లేకుంటే నడవదా?"

నడవదు. నడిపి చూశాంగా పోయిన దసరాకు. మెలికలు తిరుగుతున్న ఒక ముసలాయనకు డాక్టరు గారు మార్ఫియా సూది వేశారు. ఆయన హాయిగా నిద్రపోయి తెల్లారి కన్నుమూశాడు. "సూది వెట్టి సంపిన్రు" అని ఊరంతా వచ్చి మీద పడింది. రాయి తగిలి డాక్టరు గారి తలకు కుట్లు పడ్డాయి. గుట్ట కింద ఈ ధర్మదవాఖానకు ఎవరూ బాగైపోవడానికి రారని తెలిసి కూడా ఆ గోల. ఆ తర్వాతే కమిటీ ఖాయిదా పెట్టింది. నాలుగో కాగితం మీద వారసుడి సంతకమో వేలిముద్రో పడందే మార్ఫియా బీరువా తెరవకూడదు. తాళంచెవి మాత్రం రాతపని చూసే ముంషీ దగ్గర, అంటే నా దగ్గర ఉండాలి.

27 జనవరి

భువనగిరి నుంచి అహ్మద్ అలీ అనే గాజుల వ్యాపారి భార్యను తెచ్చాడు. ఆమె పేరు జన్నత్ బీ. రొమ్ములో రాచపుండు. మూడు కాగితాలు పూర్తయ్యాయి. నాలుగోది చదువుతుంటే మరణం అన్న మాట దగ్గర ఆయన చెవులు మూసుకున్నాడు.

"గట్ల రాసినదాని మీద దస్కత్ ఎట్ల జెయ్యాలె ముంషీ సాబ్? నా చేత్తోని నేనే ఆమెను పొమ్మన్నట్టు గాదా?"

అందరూ ఇదే అంటారు. దీనికి జవాబు నాకు నోటికి వచ్చేసింది. "చూడు చాచా, కాయితం ఎవ్వల్ని సంపదు. నువ్వు దస్కత్ జేసినా, జెయ్యకున్నా వచ్చేది రాక మానదు. నడుమ ఉన్న దినాలు ఆమె ఏడ్సుకుంట గడపాల్నా, పండుకోని గడపాల్నా, గంతే నీ చేతులున్నది."

కాసేపు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాత వచ్చి ఉర్దూలో సంతకం చేశాడు. సాయంత్రానికి జన్నత్ బీ నిద్రపోయింది. ఆయన మంచం కోడు పట్టుకుని అక్కడే నేల మీద కూర్చున్నాడు, భోజనానికి పిలిచినా రాలేదు.

పెద్ద చదువు లేని వాళ్లకు చెప్పే తీరులో చెప్పాలి. ఇక్కడ ఆ విద్య నా ఒక్కడికే ఉంది.

31 జనవరి

మా చెల్లెలు సుక్కమ్మ కబురు పంపింది. అమ్మకు కడుపులో గడ్డ అన్నారట హైదరాబాద్‌లో. గడ్డలు ఎవరికి రావు.

2 ఫిబ్రవరి

అమ్మను బండి మీద తెచ్చారు. దించుతుంటే నేనే ఎత్తుకున్నాను. గొర్రెపిల్లను ఎత్తుకున్నంత బరువు కూడా లేదు. మంద వెంట ఎండలో తిరిగి నన్ను చదివించిన మనిషి. నాయిన పోయాక రెండు మందలు ఒక్కతే కాసింది.

"ఇదేనా నీ దవాఖాన? మంచిగనే ఉన్నదిరా ఎల్లసామీ. గోడలకు సున్నం గూడ ఏసిన్రు" అంది.

చేరిక కాగితం నా చేతులతో నింపాను. పేరు బక్కమ్మ. వారసుడు, కొడుకు ఎల్లస్వామి. హైదరాబాద్ డాక్టరు రాసిచ్చిన కాగితం చూశాను. చేతిరాత అధ్వాన్నం, ఏం రాశాడో సరిగ్గా తెలియడం లేదు. నాలుగోది రేపు చూడవచ్చు.

సుక్కమ్మ మొక్కు మొక్కుకుంది. గుట్ట మీద సత్రంలో ఉండి రోజూ గుండంలో మునిగి, తడిబట్టలతో అమ్మ బదులు నరసింహస్వామికి మండలం పాటు ప్రదక్షిణలు చేస్తుందట. వెళ్తూ నా చెయ్యి పట్టుకుంది.

"అన్నా, నేను తిరిగినన్ని దినాలు మన ఇంటోళ్లు ఎవ్వలు గూడ అమ్మ బతకది అనద్దు. ఆ మాట నోట్లకెల్లి వస్తే మొక్కు తెగుతది. నువ్వయితే అస్సలే అనద్దు, పెద్దోనివి."

"నేనెందుకంట?" అన్నాను.

3 ఫిబ్రవరి

డాక్టరు గారు మంగళ, శుక్రవారాల్లో భువనగిరి నుంచి వస్తారు. కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడతారు. అమ్మను చూసి బయటికి వచ్చి చేతులు కడుక్కున్నారు.

"పెద్దగా టైము లేదు ఎల్లస్వామీ. నొప్పి బాగా పెరుగుతుంది. ఆర్డరు రాసేస్తాను. నాలుగో కాగితం అయిందా?"

"రేపు చేస్తానండి" అన్నాను.

4 ఫిబ్రవరి

పని ఎక్కువ. కుదరలేదు.

5 ఫిబ్రవరి

ఇవాళ కూడా. సుక్కమ్మది పిచ్చి నమ్మకం, నాకు తెలుసు. కానీ అది రాళ్ల మీద ఉత్త కాళ్లతో తిరుగుతుంటే నేను కింద కూర్చుని మరణము తప్పదని రాసిస్తే ఏం బాగుంటుంది. దానికోసం ఆగుతున్నాను. ఆడపిల్ల మనసు కష్టపెట్టకూడదు.

7 ఫిబ్రవరి

డాక్టరు గారు మళ్లీ అడిగారు. చేరిక కాగితంలో అమ్మ వయసు సరిగ్గా పడలేదు, ఊళ్లో కనుక్కుని రాసేవరకు నాలుగోది చెల్లదు అన్నాను.

ఆయన నా వైపు అదోలా చూశారు. "సరే, ఆ మరణం అన్న మాట కొట్టేసి సంతకం పెట్టు. నేను ఒప్పుకుంటాను."

"కమిటీ మంజూరు చేసిన వాక్యం అండి. కొట్టివేతలు ఉంటే కాగితం రద్దు."

"ఆ వాక్యం రాసింది నువ్వేగా?"

"రాసినవాడికైనా అధికారం లేదండి."

ఆయన తల మీది కుట్ల మచ్చ తడుముకున్నారు. సంతకం లేకుండా మార్ఫియా ఇస్తే ఈసారి ఆయన ఉద్యోగమే పోతుంది, ఆ సంగతి కమిటీ ఆయనకు కాగితం మీద రాసి ఇచ్చింది. సంచి తీసుకుని వెళ్లిపోయారు.

ఖాయిదా అంటే ఖాయిదా. ఇవాళ నా అమ్మ అని సడలిస్తే రేపు ఊరందరికీ సడలించాలి.

9 ఫిబ్రవరి

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంటోంది. అరిస్తే పక్క మంచాల వాళ్లకు నిద్రాభంగమని. కొంగు తీసి చూస్తే చిల్లులు పడి ఉంది.

వేడినీళ్ల కాపడం పెట్టించాను. కొంచెం తగ్గిందనే అనుకుంటున్నాను. రోజువారీ పట్టీలో నొప్పి అన్న గడి దగ్గర నిర్మలమ్మ 'భరింపరానిది' అని రాసింది. పట్టీలో అలాంటి మాటలు వాడకూడదని చెప్పాను. స్వల్పము, సామాన్యము, తీవ్రము, ఈ మూడే ఉన్నాయి. 'తీవ్రము' అని మార్చింది. సామాన్యము అంటే సరిపోయేదేమో.

10 ఫిబ్రవరి

మధ్యాహ్నం ఒక కొత్త రోగి కొడుకు వేలిముద్ర వెయ్యనని మొండికేశాడు. గట్టిగా మందలించాను. "నీ నమ్మకాలు నీ జేబుల పెట్టుకో. కన్నతండ్రి గిలగిల కొట్టుకుంటుంటే చూసుకుంట కూసుంటవా? మనిషివేనా?" అన్నాను. ముద్ర వేశాడు.

లోపలికి వచ్చేసరికి నిర్మలమ్మ వరండాలో నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది. ఏమీ అనలేదు. అననందుకు నాకు ఒళ్లు మండింది.

12 ఫిబ్రవరి

జన్నత్ బీ పోయింది. నిద్రలోనే. తీసుకుపోవడానికి బంధువులు వచ్చారు. అహ్మద్ అలీ వెళ్లేముందు నా గదికి వచ్చాడు.

"ఖుదా మిమ్ముల సల్లగ చూడాలె ముంషీ సాబ్. ఆఖరి దినాలు నా మొఖం గుర్తుపట్టింది, రెండు మాటలు మాట్లాడింది. ఇగ ఒక మాట అడుగుత, ఏమనుకోవద్దు. ఆ కొసకున్న మంచం మీద ఆమె మీ అమ్మనట గదా?"

"అవును."

"ఆమెకు సూది ఎందుకేస్తలేరు?"

కొన్ని కాగితాలు రావలసి ఉందని చెప్పాను. ఆయన తల ఊపాడు. "జల్ది తెప్పియ్యిండ్రి. దునియాల అందరి కాయితాలు మీ చేతులనే ఉన్నయి గదా" అని సలాము చేసి వెళ్లాడు. ఎగతాళి కాదు, నిజంగానే అలా అనుకున్నాడు.

13 ఫిబ్రవరి

ఏమీ లేదు.

14 ఫిబ్రవరి

ఒక పుస్తకంలో చదివాను, కడుపులో గడ్డలు కొన్ని వాటంతటవే కరిగిపోతాయట. డాక్టరు గారికి చెప్పాను. ఆయన స్టెతస్కోపు మడిచి సంచిలో పెట్టుకున్నారు. ఇక ఆయన కూడా అడగడం మానేశారు.

16 ఫిబ్రవరి

సుక్కమ్మ గుట్ట దిగి వచ్చింది. పాదాలు పుళ్లు పడ్డాయి. తడిచీర ఒంటి మీదే ఆరిపోయి అట్టకట్టింది. బ్రహ్మోత్సవాలకు జనం అప్పుడే మొదలయ్యారట, ప్రదక్షిణకు జాగా దొరకడం లేదట. ఇదంతా నవ్వుతూనే చెప్పింది. అప్పుడు లోపలి నుంచి అమ్మ మూలుగు వినిపించింది.

అది లోపలికి పోయి చాలాసేపు ఉంది. బయటికి వచ్చినప్పుడు మొహంలో రక్తం లేదు.

"గిట్ల ఎన్ని దినాల సంది?"

"వచ్చిన కాడి నుంచి."

"సూది ఉంటదంట గద. నిర్మలమ్మ చెప్పింది. నీ దస్కత్ లేకనే ఆపిన్రంట."

"నువ్వే గద అనద్దన్నవు. మొక్కు తెగుతదన్నవు."

అది నేల మీద చతికిలబడింది. "అయ్యో నా తల్లీ" అని నెత్తి కొట్టుకుంది. "నా మాట వట్టుకోని కూసున్నవా అన్నా? నాకేం ఎరుక? నేను చదువు రానిదాన్ని. పెట్టు. ఇప్పుడే పెట్టు. స్వామికి నేను చెప్పుకుంట. మొక్కు తెగితే నా మీద తెగనియ్యి, నా కాళ్లు పోనియ్యి, నా కండ్లు పోనియ్యి. అమ్మను గట్ల ఉంచకు."

పెడతానన్నాను. రేపు శుక్రవారం, డాక్టరు గారు వచ్చాక ఆయన ముందే పెట్టాలి, అదే పద్ధతి అని చెప్పాను. నమ్మి, కళ్లు తుడుచుకుని మళ్లీ గుట్ట ఎక్కింది. మొదలుపెట్టినవి ఆపకూడదట.

17 ఫిబ్రవరి

డాక్టరు గారు వచ్చారు. నేను భువనగిరిలో పని ఉందని పొద్దున్నే బస్సెక్కాను. పని నిజంగానే ఉంది. కాగితాలు అయిపోతున్నాయి, ప్రెస్సులో చెప్పి రావాలి. కోట ఉన్న పెద్ద రాతిగుండు కింద ఒక అరుగు మీద కూర్చున్నాను, బస్సు వచ్చేవరకు. తిరిగి వచ్చేసరికి ఆయన వెళ్లిపోయారు.

18 ఫిబ్రవరి

ఇవాళ ఉన్నది ఉన్నట్టు రాయాలి.

పొద్దున అమ్మ నన్ను దగ్గరకు పిలిచింది. మాట చాలా సన్నగిల్లింది. "పక్క మంచపామెకు సూది ఏస్తున్నరు. మంచిగ పంటున్నది. నాకెందుకెయ్యరు బిడ్డా? నేనేం తప్పు జేసిన?"

కాగితం సంగతి చెప్పాను. దాని మీద ఏం రాసుందో చెప్పలేదు.

"ఏం రాసుంటది దాంట్ల?"

దుప్పటి సర్దాను.

"నేను సస్తనని రాసుంటది. గంతేనా?" అని నవ్వబోయింది, నవ్వు సగంలోనే నొప్పిగా మారింది. తెరిపి ఇచ్చాక మళ్లీ అంది. "గదేం కొత్త ముచ్చటరా? ఎన్ని గొర్లను జూసిన నేను. ఏది ఉంటదో ఏది పోతదో నాకెరుక లేదా? తే. నేనేస్త ఏలిముద్ర. నా సావుకు నేనే ఒప్పుకుంట. నీకు బరువెందుకు?"

నిర్మలమ్మ పరుగున పోయి కాగితం, సిరా దిమ్మె తెచ్చింది. అమ్మ బొటనవేలు తనే అద్దుకుని కాగితం మీద పెట్టింది. వేలు జారి ముద్ర రెండుసార్లు పడింది. కాగితం నా వైపు తోసింది, పని అయిపోయినట్టు కళ్లు మూసుకుంది.

నేను కాగితం చూశాను. ముద్ర వారసుడి గడిలో పడింది. వారసుడి గడిలో రోగి ముద్ర చెల్లదు.

చెల్లదని అన్నాను. నా నోటితోనే అన్నాను.

నిర్మలమ్మ తాళంచెవి అడిగింది. "ఇయ్యిండ్రి సారూ. ఏం జరిగినా నా మీద రాసుకోండ్రి. నా కొలువు పోతే పోనీ." నేను జేబు మీద చెయ్యి పెట్టుకున్నాను. ఎవరో లాక్కుపోతారన్నట్టు అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఆమె నా మొహంలోకి చూసి, "మీరు చదువుకున్నోళ్లు" అంది. అంతే అంది.

అమ్మ కళ్లు తెరిచి అంతా చూసింది. నన్ను ఒక్క మాట అనలేదు. "పోనియ్యి బిడ్డా, వానికి చేతనైతలేదు" అని నిర్మలమ్మతో చెప్పింది. నన్ను వెనకేసుకొచ్చింది.

చిన్నప్పుడు బడికి పోనని ఏడిస్తే కూడా పంతులుతో ఇదే మాట అనేది.

19 ఫిబ్రవరి

నేను సంతకం పెడితే అమ్మ పోతుంది. ఇంత చదివి, ఇంతమందికి చెప్పి, నాలో ఉన్నది ఇదే. మిగతావన్నీ సాకులు. ఎల్లుండి మంగళవారం, డాక్టరు గారు వస్తారు. పెడతాను. కొత్త కాగితం తీసి పెట్టుకున్నాను.

20 ఫిబ్రవరి

అమ్మకు మాట పడిపోయింది. కొంగు నోట్లో పెట్టుకునే ఓపిక కూడా లేదు, అందుకని అరుపు వినిపిస్తోంది. పక్క మంచాల వాళ్లు చెవులు మూసుకుంటున్నారు. నేను ఆఫీసు గదిలో తలుపు వేసుకుని పాత పట్టీలు సరిచూశాను.

21 ఫిబ్రవరి

డాక్టరు గారి ముందు కూర్చున్నాను. కలం తీసుకున్నాను. 'ఎ' అని రాశాను. చెయ్యి ఆగిపోయింది. సిరా ఒక చోటే దిగి మరకైంది. మరక పడ్డ కాగితం పనికిరాదు, ఇంకోటి తెస్తానని లేచాను.

డాక్టరు గారు నా భుజం మీద చెయ్యి వేశారు. "కూర్చో ఎల్లస్వామీ. మరక ఉన్నా పర్వాలేదు. మిగతా అక్షరాలు రాసెయ్. నేను సూది సిద్ధం చేసుకుంటా."

"కొత్తది తెస్తాను" అన్నాను.

కాగితాల కట్ట దగ్గర నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. డాక్టరు గారి జీపు స్టార్టయిన చప్పుడు విన్నాను.

22 ఫిబ్రవరి

అమ్మ పోయింది.

మంచం మీద ప్రాణం పోకూడదని నిర్మలమ్మా నేనూ కిందికి దించాం. దించుతున్నప్పుడు కూడా అరిచింది. తర్వాత అరవలేదు.

5 మార్చి

ఊళ్లో మట్టి చేసి, దినాలు ముగించుకుని నిన్న వచ్చాను. సుక్కమ్మ నాతో మాట్లాడలేదు. బండి ఎక్కుతుంటే వచ్చి, "అన్నం తిన్నవా?" అని మాత్రం అడిగింది. తిన్నానన్నాను.

కమిటీ పెద్దమనిషి తనిఖీకి వచ్చాడు. కాగితాలన్నీ చూసి, తీరుగా ఉన్నాయని మెచ్చుకున్నాడు. బక్కమ్మ అనే రోగి కట్టలో మాత్రం నాలుగోది ఖాళీగా ఉంది, ఖాళీ కాగితంతో కట్ట మూయకూడదు, వారసుణ్ణి పిలిపించి పూర్తి చేయించమన్నాడు. వారసుడు ఎవరో ఆయన చూడలేదు.

ఆయన ఇంకో కట్ట తిప్పుతుండగా, ఆయన ముందే సంతకం పెట్టాను. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి.

7 మార్చి

గుర్వయ్య అనే ఆయన తండ్రిని తెచ్చాడు. గొంతులో రాచపుండు. ముసలాయన నీళ్లు కూడా మింగలేక చేతులతో మంచం పట్టెను గీరుతున్నాడు. మూడు కాగితాలు అయ్యాయి. నాలుగోది చదివాను. నా వాక్యం ఎప్పుడూ ఇంత పొడవుగా అనిపించలేదు.

గుర్వయ్య రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "నాతోని గాదు సారూ. కన్నోడు."

నాకు నోటికి వచ్చిన జవాబు గుర్తు రాలేదు. సిరా దిమ్మె మూత తీసి పెట్టాను. ఆఖరికి అతనే అడిగాడు.

"మీ అమ్మ గూడ ఈడనే పోయిందంట గద. బయట అనుకుంటుంటే విన్న. నువ్వు వెట్టినవా సారూ, దస్కత్?"

వరండాలో నిర్మలమ్మ పట్టీ రాస్తోంది. ఆమె కలం ఆగింది.

"పెట్టిన" అన్నాను.

"నొప్పి లేకుంట పోయిందా మరి?"

"పండుకున్నట్టే పోయింది."

గుర్వయ్య చెయ్యి ముందుకు చాచాడు. అతని బొటనవేలు పట్టుకుని సిరా అద్ది, వారసుడి గడిలో ఒత్తాను. ముద్ర శుభ్రంగా పడింది. బీరువా నేనే తీశాను. సూది పడిన కాసేపటికి ముసలాయన చేతులు పట్టె మీది నుంచి జారాయి, గురక మొదలైంది.

గుర్వయ్య బయటికి వచ్చి, నేను వద్దంటున్నా వినకుండా నా రెండు చేతులూ కళ్లకు అద్దుకున్నాడు.

"మీ అమ్మ పున్నెం సారూ" అన్నాడు.